రెండో వాటా

"ఆ రక్తపరీక్ష ఇంకోసారి చేయించు. అక్కడ కాదు, ఇంకో చోట," అంది వదిన, తమ్ముడి వైపు చూస్తూ.

తమ్ముడు కంచంలో చెయ్యి పెట్టాడే గానీ ముద్ద నోటిదాకా రావడం లేదు.

అతని భార్య, ఆ ఇంటి కోడలు, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నిన్న ఆస్పత్రి వరండాలో పదిమందీ వింటుండగా వదిన అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. "తండ్రిది ఎబి. తల్లిది ఓ. పిల్లదేమో బి అట. అటు తండ్రిదీ కాదు, ఇటు తల్లిదీ కాదు. మరి ఇదెక్కణ్ణించి ఊడిపడింది?"

ఊడిపడిందట! పద్నాలుగేళ్ళ పిల్ల పక్కనే నిలబడి వింటూ ఉండగా.

అసలు వెళ్ళింది అత్తగారి కోసం. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది పెద్దావిడ. ఆపరేషనుకి రక్తం కావాలి, ఇంట్లోవాళ్ళెవరిదైనా కలుస్తుందేమో చూద్దామన్నారు. భార్యాభర్తలిద్దరూ వేళ్ళు చాపారు. "నాకూ, నాకూ" అని ఎగబడి పిల్లా చాపింది. కాసేపటికి కిటికీలోంచి ముగ్గురి గ్రూపులూ చదివి వినిపించారు. అంతే. అప్పటిదాకా అత్తగారి తుంటి ఎముక మీదున్న ఇంటి దిగులంతా ఒక్కసారి కోడలి మీదకి తిరిగింది.

"ఇంకో చోట చేయిస్తే ఏమవుతుంది వదినా?" అంది కోడలు.

"నిజం తెలుస్తుంది."

"ఏ నిజం? నోరు తెరిచి చెప్పండి. నేనూ వింటాను."

"నేనేమన్నానమ్మా? లెక్క అలా ఉందన్నాను. నాకేం కొత్తా? ఇంతమంది ఆడపిల్లల్ని చూస్తున్నాను. నడక చూస్తే చెప్పేస్తాను ఎవరి కడుపులో ఏముందో."

"నేను మీ హాస్టల్ పిల్లని కాదు."

వదిన ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు, పై అంతస్తుదాకా దీపాలు ఆరిపోతాయని పేరు. పెళ్ళి చేసుకోలేదు. ఆ మాటెత్తిన వాళ్ళని బతకనివ్వలేదు. తమ్ముడు ఆవిడ కంటే పదహారేళ్ళు చిన్న. సెలవు దొరికిందంటే వచ్చి వాలేది ఈ ఇంట్లోనే. వచ్చిన దగ్గర్నుంచీ తమ్ముడి చొక్కా గుండీలు మొదలుకుని మేనకోడలి మార్కుల దాకా అన్నీ ఆవిడకే కావాలి. కోడలు ఇన్నేళ్ళూ సర్దుకుపోయింది. ఆడపడుచు అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది.

"ఆపండి ఇద్దరూ," అని లేచిపోయాడు తమ్ముడు. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

కోడలు అతని వెనకే పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన చేతుల్నే మళ్ళీ కడుగుతున్నాడు.

"నన్నొక్క మాట అడగండి," అంది.

"నేను నిన్నేమైనా అన్నానా?"

"అనలేదు. అదే నా బాధ. అంటే సమాధానం చెప్పేదాన్ని."

అతను కుళాయి కట్టేశాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టు ఎక్కాడంటే మాటలాపేసి మోటారు చప్పుడు వింటాడు. పెళ్ళయిన కొత్తలో తనతో మాట్లాడ్డం ఇష్టం లేదేమోనని కోడలు కుమిలిపోయింది కూడా. తర్వాత నవ్వుకుంది. ఇప్పుడా మౌనం వేరు. ఇది దేన్నీ వినే మౌనం కాదు.

"నాకేమీ అర్థం కావడం లేదు," అన్నాడు చివరికి. "లిఫ్టు ఆగిపోతే ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో పట్టుకోగలను. ఇదేంటో తెలీడం లేదు. నిన్ను నమ్మకుండా ఉండలేను. అక్క చెప్పిన లెక్క తప్పనీ అనలేను. ఈ రెండూ ఒకచోట ఎలా ఉంటాయి?"

"నేను ఒట్టేసి చెప్పనా?"

"వద్దు. ఒట్టు వేయించుకున్నానంటే నమ్మనట్టేగా."

అలా అని తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది అనిపించింది కోడలికి.

అయితే ఆమెకి కూడా అర్థం కాలేదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది. తన సంగతి తనకి తెలుసు. తప్పు చెయ్యలేదు. మరి లెక్క ఎందుకు కుదరలేదు? తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేటప్పుడు ఒక్కోసారి అంతా సరిగ్గానే చేసినట్టుంటుంది, పెట్టుకున్నవాళ్ళకి మాత్రం మసకగానే కనిపిస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇప్పుడూ అలాగే వెతుక్కుంటూ పోయింది. తన పురిటప్పుడు వార్డులో పక్క మంచం ఆవిడకీ ఆడపిల్లే పుట్టింది. ఆ రోజు ఆయా చేతుల్లో ఇద్దరు పిల్లలున్నారు. ఒకవేళ...

వెళ్ళి కూతురి గది తలుపు తట్టింది.

"పిచ్చుకా. గడియ తియ్యమ్మా."

అసలు పేరు బళ్ళో పిలవడానికే. పొద్దున లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని నానమ్మ పెట్టిన పేరు పిచ్చుక. ఆ పిచ్చుక గొంతు నిన్నటి నుంచీ వినపడలేదు.

"అమ్మా," అంది లోపల్నుంచి. తలుపుకి నోరు ఆనించి మాట్లాడుతోందని తెలుస్తోంది. "నేను ఆస్పత్రిలో మారిపోయానా?"

అబ్బే, అదేం మాట అనడానికి తల్లికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ ఒక్క క్షణానికే లోపల పిల్ల వెక్కడం మొదలుపెట్టింది.

కోడలు హాల్లోకి వచ్చింది.

"రేపు అందరం వెళ్దాం. అత్తయ్యది ఓ, నాదీ ఓ. రక్తం ఇవ్వాల్సింది ఎలాగూ నేనే. ఆ డాక్టర్ని మీ అందరి ముందూ అడుగుతాను. ఇంకో చోట అక్కర్లేదు."

"పద. నేనూ వస్తాను," అంది వదిన.

* * *

రక్తం తీసే గదిలో డాక్టరమ్మకి విపరీతమైన జలుబు. మాటకో తుమ్ము. ముక్కు తుడుచుకుంటూనే వీళ్ళ గోడంతా విన్నది. విని, మొదట నవ్వింది. గదిలో ఎవరూ నవ్వకపోవడం చూసి సర్దుకుంది.

"ఎవరన్నారు తప్పని?"

వదిన తలుపు దగ్గర చేతిసంచీ గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది.

"ఇలా రామ్మా," అని డాక్టరమ్మ పిచ్చుకని దగ్గరికి పిలిచింది. "ప్రతి మనిషికీ ఈ గ్రూపు విషయంలో రెండు వాటాలు. ఒకటి అమ్మ ఇస్తుంది, ఒకటి నాన్న ఇస్తాడు. ఆ వాటా ఏ కావచ్చు, బి కావచ్చు, ఏమీ లేని ఖాళీ కావచ్చు. రెండూ ఖాళీ అయితే దాన్నే ఓ అంటాం. మీ అమ్మది ఓ. అంటే నీకు అమ్మ ఏమిచ్చింది?"

"ఖాళీ," అంది పిచ్చుక సన్నగా.

"ఖాళీయే. మీ నాన్నది ఎబి. ఆయన దగ్గర ఏ ఒకటి, బి ఒకటి ఉన్నాయి. రెండూ ఇవ్వడు, ఒకటే ఇస్తాడు. నీకు బి ఇచ్చాడు. బి పక్కన ఖాళీ పెడితే ఏమవుతుంది? బి. అంతే."

"నాన్న ఏ ఇచ్చుంటే?"

"ఏ అయ్యేదానివి. ఎబికీ ఓకీ పుట్టిన పిల్లలు ఏ అవుతారు, లేదంటే బి అవుతారు. నాన్నలా ఎబి అవరు, అమ్మలా ఓ అవరు. తల్లి ఓ అయ్యాక బిడ్డ ఎబి ఎలా అవుతుంది? ఖాళీ చేత్తో ఏమిస్తుంది? నువ్వు ఎబి అయ్యుంటే నేనే కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసేదాన్ని."

"అంటే నేను మా నాన్న కూతుర్నేనా?"

డాక్టరమ్మ తుమ్మబోయి ఆపుకుంది. "గ్రూపు చూసి అవునని ఎవరూ చెప్పలేరమ్మా. కాదని మాత్రం చెప్పగలరు ఒక్కోసారి. నీ విషయంలో కాదనడానికి ఏమీ లేదు. ఎవరైనా నిన్నేమైనా అంటే నా దగ్గరికి పంపించు."

పిచ్చుక తండ్రి వైపు తిరిగింది. ఆయన అప్పటికే ఏడుస్తున్నాడు. పెద్ద మనిషి, చొక్కా జేబులో కరెంటు టెస్టరు పెట్టుకుని తిరిగే మనిషి, చంటిపిల్లాడిలా మొహం ముడుచుకుని ఏడుస్తున్నాడు. పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. కోడలి వైపు చూడబోయి, చూడలేక, కిటికీ వైపు చూశాడు.

కోడలికి ఏడుపు రాలేదు. ఒంట్లో కట్టి ఉంచిన తాడేదో ఎవరో విప్పేసినట్టు ఒక్కసారి నీరసం కమ్మింది. అందరి ముందూ వదినని నిలదియ్యాలని దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. తీరా తిరిగి చూస్తే వదిన మొహంలో రక్తం చుక్క లేదు. ఓడిపోయిన మనిషి మొహం కాదది. సిగ్గుపడిన మొహమూ కాదు. భయపడిన మొహం.

ఎందుకు భయం? తప్పు మాటన్నందుకా?

"మీరు పేషెంటు కూతురా?" డాక్టరమ్మ వదిననే అడుగుతోంది. "మీకూ చూస్తాం, రండి. కలిస్తే ఇంకో సంచీ తీసి పెట్టుకోవచ్చు."

"నాకొద్దు."

"సూదంటే భయమా?"

"నాకొద్దన్నాగా!" అని విసురుగా వెళ్ళిపోయింది. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు దూరమవడం గదిలో అందరూ విన్నారు.

"అత్తకి సూదంటే భయమట!" అని పిచ్చుక కిచకిచమని నవ్వింది. మొన్నటి నుంచీ మొదటి నవ్వు.

కోడలు మంచం మీద పడుకుంది. నర్సు చేతికి పట్టీ బిగించి, పిండమని రబ్బరు బంతి ఇచ్చింది. గొట్టంలోంచి రక్తం కిందికి దిగుతోంది. సంచీ మీద నర్సు పెద్ద అక్షరం రాసి పెట్టింది. ఓ. అత్తగారి గ్రూపు.

కోడలు ఆ అక్షరం వైపే చూస్తూ బంతి పిండుతోంది. అత్తయ్యది ఓ. తల్లి ఓ అయ్యాక బిడ్డ...

చెయ్యి ఆగిపోయింది.

"పిండండమ్మా, పిండుతూ ఉండండి," అంది నర్సు.

పిండింది. మళ్ళీ మొదటి నుంచీ లెక్క వేసుకుంది. ఖాళీ చెయ్యి. ఖాళీ చేత్తో ఏమిస్తుంది? తన మీద పడ్డ నిందని తుడిచేసిన మాటే అది. అదే మాట ఇప్పుడు వెళ్ళి వెళ్ళి ఇంకెక్కడో ఆగింది. తను ఎక్కడో పొరబడుతోంది. ఇందాక సరిగ్గా విని ఉండదు.

"డాక్టరుగారూ," అంది మెల్లిగా. భర్త పిల్లతో కలిసి బయట వరండాలో ఉన్నాడు. "ఓ తల్లికి ఎబి బిడ్డ... ఎక్కడా పుట్టరా?"

"లక్షల్లో ఎక్కడో ఒకటి ఉంటుంది. నేను ఇన్నేళ్ళలో చూళ్ళేదు. ఎందుకూ, మీది కుదిరిపోయిందిగా?"

"ఊరికే అడిగాను."

లక్షల్లో ఒకటి. అదే అయ్యుంటుంది అనుకుంది. అయ్యుండాలి అనుకుంది. మరి వదిన ఎందుకలా పారిపోయింది?

* * *

సాయంత్రం వార్డులో అత్తగారు ఎప్పట్లాగే గోడ వైపు తల తిప్పుకుని ఉంది. విరిగిన కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మనవరాలి మీద నింద పడ్డ దగ్గర్నుంచీ ఆవిడ నోరు విప్పలేదు. కూతురి మాటకి అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం కోడలికి వదిన మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది.

"నువ్వేనటగా ఇచ్చింది," అంది అత్తగారు, గోడ వైపు చూస్తూనే.

"నాదొక్కటే కలిసింది అత్తయ్యా."

"కళ్ళు తిరుగుతున్నాయా? ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

పక్క మంచం ఆవిడ మనవడితో ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది.

"నేనూ నీ వదిన మాటే నమ్మాననుకున్నావు కదూ?"

కోడలు దుప్పటి అంచు సర్దింది. "మీరొక్క మాట అని ఉంటే బాగుండేది."

"అనేదాన్నే." పెద్దావిడ తల తిప్పింది. కళ్ళు గుంటలు పడ్డాయి. "నోటిదాకా వచ్చింది. పిల్లలందరికీ తల్లి గ్రూపో తండ్రి గ్రూపో రావాలని ఎక్కడుందే, అని అడగబోయాను. అడిగితే మాట అక్కడితో ఆగుతుందా? నీది ఏంటి, వాడిది ఏంటి అని నా దగ్గరికే వస్తుంది. అందుకని నోరు మూసుకున్నాను. నీ పరువు అలా పోతుంటే చూస్తూ పడుకున్నాను. కాలు విరిగినప్పుడు కూడా ఇంత నొప్పి లేదమ్మా."

లక్షల్లో ఒకటి అనుకున్నది కాస్తా ఈ మంచం పక్కనే కూలిపోయింది.

"ఆయనకి..."

"వాడికి తెలీదు. తెలియకూడదు."

"మరి వదినకి?"

అత్తగారు కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల చివర్నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అవునని చెప్పడానికి అంతసేపు పడుతుందా? అంతగా చెప్పలేనిది అందులో ఏముంది? ఎవరో కన్న పిల్లాణ్ణి తెచ్చి పెంచుకున్నారంతే అనుకుందామంటే, వదిన ఆ సూదికి అంతలా బెదరాల్సిన పనేముంది?

ఎంత ఆలోచించినా కోడలికి తోచలేదు. తోచేలోపలే భర్తా పిచ్చుకా కమలాలు పట్టుకుని వచ్చేశారు. వెనకాల, పిలవని మనిషిలా, వదిన వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడింది.

"అమ్మా! అంతా అబద్ధం అమ్మా. అంతా మా తెలివితక్కువతనం," అన్నాడు కొడుకు, మంచం మీద కూర్చుంటూ. మొహం కడిగిన అద్దంలా ఉంది. "పిల్లది బి అవడమే సరైందట. డాక్టరమ్మ భలే చెప్పింది."

"సరేలేరా. మంచిది," అంది తల్లి.

"ఎలాగో చెప్తాను విను."

"ఇప్పుడెందుకండీ, అత్తయ్య అలిసిపోయారు," అంది కోడలు. "కమలాలు ఒలవండి."

"ఒక్క నిమిషం. అక్కా, నువ్వూ విను. మధ్యలో వెళ్ళిపోయావుగా." చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించాడు. "ఇది నేను. ఈ వేలు ఏ, ఈ వేలు బి. ఇదిగో, నీ కోడలు." రెండో చేత్తో పిడికిలి బిగించాడు. "ఖాళీ. ఓ అంటే ఖాళీ. నేను ఈ వేలిచ్చాను, అది పిడికిలిచ్చింది. పిచ్చుక వచ్చింది."

"నానమ్మదీ పిడికిలే నాన్నా," అంది పిచ్చుక.

"పిచ్చుకా, వెళ్ళి మంచినీళ్ళు పట్టుకురామ్మా," అంది కోడలు గబగబా.

"సీసాలో ఉన్నాయిగా."

"చల్లగా లేవు. వెళ్ళు."

పిల్ల మూతి ముడుచుకుని సీసా తీసుకుని వెళ్ళింది.

"అవును, అమ్మదీ పిడికిలే," అని నవ్వాడు అతను. "అందుకేగా కోడలి రక్తం సరిపోయింది. మనందరిలో అత్తాకోడళ్ళే ఒకటి. నాది చూడు, ఎందుకూ పనికిరాలేదు..."

రెండు వేళ్ళూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటి వైపు చూసుకున్నాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్ళు ఆగిపోయాయి. లిఫ్టులో నడుస్తున్న మోటారు చప్పుడులో తేడా వినిపించినప్పుడు అలాగే ఆగిపోతాడని కోడలికి తెలుసు. ఒకసారి వినిపించాక, అదెక్కణ్ణించి వస్తోందో తేలేదాకా వదిలిపెట్టడని కూడా తెలుసు.

ఒక వేలు మడిచాడు. "ఇది నాన్న ఇచ్చాడు."

రెండో వేలు అలాగే నిలబడి ఉంది.

"అమ్మా, నీది ఓ కదూ?"

తల్లి దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"మరి ఈ రెండో వాటా ఎవరిది?"

"మిషన్లు ఏవేవో చెప్తాయిరా," అంది తల్లి.

"లక్షల్లో ఒకరికి అలా అవుతుందటండీ," అంది కోడలు. "నేను అడిగాను. డాక్టరమ్మే చెప్పింది."

అతను కోడలి వైపు తిరిగాడు. "నువ్వు అడిగావా? ఎప్పుడు? ఎందుకడిగావు?"

కోడలు నాలిక్కరుచుకుంది. నిన్న తనని అడక్కుండా వదిలేసిన ప్రశ్నలన్నీ ఇప్పుడతని కళ్ళలో ఉన్నాయి. అవి ఒక్కో మొహం మీదా ఆగుతూ పోతున్నాయి. పెళ్ళాం మొహం. తల్లి మొహం.

"అమ్మా, చెప్పు. నేను నీ కొడుకునేనా?"

"నా కొడుకువే! నా పాలు కాకపోయినా..." అనేసి, పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో చెయ్యి కొడుకు చొక్కా అంచుని పట్టుకుంది.

పక్క మంచం ఆవిడ ఫోను పెట్టేసింది.

"ఎవరమ్మా మరి? ఎవరు కన్నారు నన్ను?"

మంచం కాళ్ళ వైపు నుంచి వదిన కదిలింది. చేతిసంచీ నేల మీద పెట్టింది. ఎడమ చేతి జాకెట్టు మడత మోచేతి పైకి లాక్కుంటూ తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది. ఆ నడకలో వార్డెను లేదు. తడబడుతోంది.

"అమ్మనడక్కు," అంది. "నన్నడుగు."